శిథిలాల కాంక్రీటు: కొండకు మేలెంత, గాలికి మేలెంత?

పాత భవనాన్ని పగలగొట్టి, ఆ ముక్కలను కంకరగా మార్చి కొత్త కాంక్రీటులో కలిపితే పర్యావరణానికి మేలు జరుగుతుందన్న మాట ప్రభుత్వ నిబంధనల్లోనూ, నిర్మాణ సంస్థల ప్రకటనల్లోనూ ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. మాట నిజమే కాని, ఆ మేలు కొండకా, ఏటికా, చెరువుకా, గాలికా అని విడదీసి చూసినప్పుడు ఒక్కొక్కరి వంతుకు వచ్చేది ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఈ వంతులన్నిటినీ ఒకే ఖాతాలో వేసి మొత్తానికి ‘హరిత కాంక్రీటు’ అని పేరు పెట్టడం వల్లే, చిన్న మేలును పెద్దదిగానూ, నిజంగా పెద్దదైన మేలును అసలు లేనట్టుగానూ చూసే పొరపాటు జరుగుతోంది.

కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన కృత్రిమ శిల. సాధారణ ఇళ్ళ స్లాబులకు, దూలాలకు వాడే ఎం25 గ్రేడు, అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునే కాంక్రీటు, ఒక ఘనపు మీటరు తయారు కావడానికి సుమారు 320 కిలోల సిమెంటు, 700 కిలోల ఇసుక, 1,200 కిలోల కంకర, 160 కిలోల నీరు అవసరమవుతాయి. బరువును బట్టి చూస్తే నాలుగింట మూడు పాళ్ళకు పైగా ఇసుక, కంకరలే కాగా, సిమెంటు వాటా ఏడింట ఒక వంతు కూడా ఉండదు. అయితే ఆ ఘనపు మీటరు కోసం గాలిలోకి చేరే బొగ్గుపులుసు వాయువులో, అంటే కార్బన్ డయాక్సైడులో, సుమారు తొంభై శాతం ఆ చిన్న వాటాదే. ఈ అసమతౌల్యం మనసులో ఉంచుకోకపోతే తరువాతి లెక్కలేవీ సరిగా అర్థం కావు.

సిమెంటు అంత కర్బనాన్ని ఎందుకు వదులుతుందో తెలియాలంటే హుజూర్‌నగర్, ఎర్రగుంట్ల, జగ్గయ్యపేట, తాండూరు ప్రాంతాల ఫ్యాక్టరీల్లో తిరిగే బట్టీలను గుర్తు చేసుకోవాలి. సున్నపురాయిని, బంకమట్టిని పొడిచేసి దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే ‘క్లింకర్’ అనే నల్లని గుండ్ల వంటి పదార్థం వస్తుంది. దానిని కొద్దిపాటి జిప్సంతో కలిపి మెత్తగా నూరితే సిమెంటు అవుతుంది. బట్టీకి వాడే బొగ్గు పొగ ఒక ఎత్తయితే, సున్నపురాయి తనలో బంధించి ఉంచుకున్న కార్బన్ డయాక్సైడును వేడికి వదిలేయడం మరో ఎత్తు. టన్ను క్లింకరుకు రాయి నుంచే అర టన్ను వాయువు బయటపడుతుంది, ఇంధనం వాటా కలిపితే అది 0.8 టన్నులు దాటుతుంది. బొగ్గు మాని సౌరవిద్యుత్తుతో బట్టీని నడిపినా ఆ మొదటి అర టన్ను తగ్గదు. ఎందుకంటే అది నిప్పు వల్ల పుట్టినది కాదు, రాతిలోనే ఉన్నది. ప్రపంచమంతటా ఏటా తయారయ్యే సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు, మానవ కార్యకలాపాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతానికి కారణం కావడంలోని మర్మం ఇదే.

కంకర సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. క్వారీలో రాయిని పేల్చి, క్రషర్‌లో నలిపి, జల్లెడ పట్టడానికి అయ్యే శక్తి తక్కువ కావడంతో టన్ను కంకరకు వెలువడే కర్బన వాయువు స్థూలంగా అయిదు కిలోల దగ్గరే ఉంటుంది. ఇక చిన్న గుణకారం చేసి చూడవచ్చు. ఎం25 కాంక్రీటులో కంకర బరువులో 20 శాతాన్ని, అంటే 240 కిలోలను, శిథిలాల కంకరతో భర్తీ చేస్తే, ఆ పాత ముక్కల్ని నలపడానికి ఏ శక్తీ పట్టలేదనే అనుకున్నా, ఆదా అయ్యే కార్బన్ డయాక్సైడు కిలో పావుకు మించదు. అదే ఘనపు మీటరులో సిమెంటు బరువులో 30 శాతం విద్యుత్కేంద్రపు బూడిద ఉంటే ఆదా అయ్యేది సుమారు 80 కిలోలు. రెండూ ‘పునర్వినియోగ పదార్థాల కాంక్రీటు’ అన్న ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి.

పాత గార చేసే పని

శిథిలాల కంకరలో మరో చిక్కు ఉంది. పాత కాంక్రీటును నలిపినప్పుడు లోపలి రాయి శుభ్రంగా విడిపోయి బయటికి రాదు, దాని చుట్టూ పాత సిమెంటు గార అంటుకునే ఉంటుంది. ఈ గార గుల్లగా ఉండి, నెర్రెలు విచ్చి, నీటిని పీల్చుకునే గుణం కలిగి ఉంటుంది. నల్లరాతి కంకర తన బరువులో ఒకటి రెండు శాతానికి లోపే నీటిని పీల్చుకుంటే, శిథిలాల కంకర మూడు మొదలు పది శాతం వరకు పీల్చుకోగలదు. కాంక్రీటు కలిపేటప్పుడు పోసిన నీటిని ఈ ముక్కలే తాగేస్తే మిశ్రమం బిగుసుకుపోయి అచ్చుల్లోకి జారదు. జారడం కోసం మేస్త్రీ మరో బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే బలం పడిపోతుంది, పడిపోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇంజినీరు సిమెంటును పెంచితే కర్బనం పెరుగుతుంది. ఘనపు మీటరుకు అయిదు శాతం సిమెంటు పెంచడమంటే 16 కిలోలు. దాని వల్ల అదనంగా వెలువడేది సుమారు 13 కిలోల కార్బన్ డయాక్సైడు, అంటే కంకర మార్పిడి వల్ల మిగిలిన దానికి పది రెట్లు. పర్యావరణం పేరుతో చేపట్టిన పని, అజాగ్రత్తగా చేస్తే, వాతావరణానికి నష్టంగా పరిణమించే తీరు ఇది.

ఈ నష్టం అనివార్యమేమీ కాదు. కంకరను ముందే తడిపి ఉంచడం, నీటిని రెండు విడతలుగా పోయడం వంటి సులువైన పద్ధతులు ఉన్నాయి. 2005లో పరిశోధకురాలు వివియన్ టామ్ బృందం ప్రతిపాదించిన రెండు దశల మిశ్రమ పద్ధతిలో, ముందు సగం నీటితో కంకరను, ఇసుకను, సిమెంటును కలుపుతారు. అప్పుడు చిక్కటి సిమెంటు పాలు పాత గార నెర్రెల్లోకి చొరబడి వాటిని పూడుస్తాయి. మిగతా సగం నీటిని ఆ తరువాత పోస్తారు. కొత్త యంత్రమేదీ అక్కరలేని ఇటువంటి పద్ధతికి రావలసినంత ప్రచారం రాలేదు. ఇరవై శాతం వరకు మార్పిడి జరిగినప్పుడు, ముక్కలు శుభ్రంగా ఉంటే, అదనపు సిమెంటు అవసరం సాధారణంగా రాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐఎస్ 383 ప్రమాణం కూడా ఈ హద్దునే పాటించింది. కాంక్రీటును మాత్రమే నలిపి తీసిన కంకరను ఉక్కు చువ్వలు లేని కాంక్రీటులో 25 శాతం వరకు, చువ్వలున్న కాంక్రీటులో ఎం25 గ్రేడు వరకు మాత్రమే 20 శాతం, పునాదుల కింద పరిచే ఎం15 కన్న తక్కువ గ్రేడు బెడ్డు కాంక్రీటులో నూరు శాతం వాడుకోవచ్చు. ఇటుక, టైల్స్, గార కలగలిసిన శిథిలాల నుంచి తీసిన కంకరకు బెడ్డు కాంక్రీటు మినహా ప్రవేశం లేదు.

పాత గార అంతటినీ వదిలించి, సహజ కంకరతో సమానమైన దానిని తయారు చేయడమూ అసాధ్యం కాదు. జపాన్ ఆ పని చేసింది. 2005 నుంచి 2007 మధ్య వెలువరించిన ప్రమాణాల్లో ఆ దేశం పునర్వినియోగ కంకరను ఎగువ, మధ్య, దిగువ శ్రేణులుగా విభజించింది. ఎగువ శ్రేణి కోసం ముక్కల్ని సుమారు 300 డిగ్రీల వరకు వేడిచేసి ఒకదానితో ఒకటి ఒరిపిస్తే గార రాలిపోయి మేలిరకం రాయి దక్కుతుంది. కాని ఆ వేడికి ఇంధనం కావాలి, రాలిన సన్నపొడికి మళ్ళీ ఒక దారి వెతకాలి. జపాన్‌లో కాంక్రీటు శిథిలాలు దాదాపు పూర్తిగా పునర్వినియోగమవుతున్నా, వాటిలో అత్యధిక భాగం ఇప్పటికీ రోడ్ల అడుగు పొరల్లోకే పోవడానికి ఈ ఖర్చే కారణం. దానిని వైఫల్యంగా ఎంచనక్కరలేదు. రోడ్డు అడుగు పొరకు ఎలాగూ ఏదో ఒక కొండ నుంచి కంకర రావలసిందే కనుక, ఆ పని శిథిలాలతో జరిగితే అంతమేరకు రాయి మిగిలినట్టే.

కొండ, ఏరు, చెరువు

కర్బనం లెక్కలో కిలో పావు మాత్రమే మిగిల్చే శిథిలాల కంకరకు అసలు విలువ వేరే చోట ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచం ఏటా 5,000 కోట్ల టన్నుల ఇసుకను, గులకను తవ్వి వాడుకుంటోంది. ఇసుక తోడిన ఏటి గర్భం దిగిపోతుంది, పక్క పొలాల బావుల్లో నీరు అడుగంటుతుంది, వంతెనల పునాదులు బయటపడతాయి, డెల్టాకు చేరవలసిన ఒండ్రు తగ్గి సముద్రం ముందుకు వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏటి ఇసుకకు బదులుగా వచ్చిన రోబో శాండ్, అంటే రాయిని యంత్రంతో ఇసుకంత సన్నగా నలిపిన పొడి, ఏటిని కొంత కాపాడినా ఆ భారాన్ని కొండ మీదికి మార్చింది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటి పరిరక్షణ కోసం 1996లోనే ఒక సంఘం ఏర్పడిందంటే కంకర ఆకలి ఎంతకాలంగా వాటిని తినేస్తున్నదో ఊహించుకోవచ్చు. క్వారీ దుమ్ము పక్క ఊళ్ళ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పేలుళ్ళకు గోడలు బీటలు వారతాయి. ఇవేవీ కార్బన్ డయాక్సైడు కిలోల్లో కొలవదగినవి కావు.

మరో వైపున శిథిలాలు చేరే చోటు ఉంది. పక్కా భవనాన్ని కూల్చితే చదరపు మీటరు అంతస్తుకు 300 నుంచి 500 కిలోల వ్యర్థం వస్తుందన్నది దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. దేశం మొత్తంలో ఏటా వచ్చే నిర్మాణ శిథిలాలు 15 కోట్ల టన్నుల వరకు ఉంటాయని, శుద్ధిచేయగల ప్లాంట్ల సామర్థ్యం అందులో ఒక శాతం దగ్గరే ఉందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో ఎత్తి చూపింది. మిగిలినదంతా రాత్రిపూట ట్రాక్టర్లలో వెళ్ళి చెరువు శిఖంలోనో, నాలా గట్టునో, ఖాళీ ప్లాటులోనో దిగుతుంది. చెరువులోకి జారిన శిథిలం కేవలం చెత్త కాదు, అది తరువాతి ఆక్రమణకు పునాది. హైదరాబాదు వరదలకు కారణాలు వెతికే వారెవరూ దీనిని పక్కన పెట్టలేరు. నగరంలో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో ఏర్పాటైన శుద్ధి ప్లాంట్లు ఇటుక ముక్కల్ని, కాంక్రీటును విడదీసి, నలిపి, కడిగి, ఇసుకగా, కంకరగా, పేవర్ టైల్స్‌గా మారుస్తున్నాయి. అక్కడ తయారైన ఫుట్‌పాత్ టైలు ఎంత కర్బనాన్ని మిగిల్చిందన్న ప్రశ్న కన్న, అది ఏ చెరువులోకి చేరకుండా ఆగిందన్న ప్రశ్నే సమంజసం.

దూరం ఈ లెక్కను తలకిందులు చేయగలదు. లారీ రవాణాలో టన్ను సరుకు ఒక కిలోమీటరు కదిలితే స్థూలంగా 0.1 కిలో కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది, కాబట్టి యాభై కిలోమీటర్లు తిరిగిన శిథిలం క్వారీ కంకర తయారీకి అయ్యేంత కర్బనాన్ని దారిలోనే ఖర్చు పెట్టేస్తుంది. నగరం నడిబొడ్డున కూలిన భవనాన్ని అక్కడికక్కడే కదిలే క్రషర్‌తో నలిపి, ఆ స్థలంలోనే బెడ్డు కాంక్రీటుకు వాడడం అన్నిటికన్న లాభసాటి. పొలిమేర ప్లాంటుకు తీసుకుపోయి తిరిగి తెచ్చుకోవడం అంతకన్న తక్కువ. ఒక జిల్లా శిథిలాన్ని మరో జిల్లాకు తరలించడం దాదాపు నిరర్థకం.

శిథిలాలు వెంట తెచ్చే కలుషితాలను కూడా విస్మరించరాదు. జిప్సం సీలింగు ముక్కలు కలిస్తే వాటిలోని సల్ఫేట్లు కొత్త కాంక్రీటును లోపలి నుంచి ఉబ్బించి పగలగొడతాయి. పాత సిమెంటు రేకుల్లోని ఆస్బెస్టాస్ నలిగితే దాని సన్నని పోగులు గాలిలో తేలి కార్మికుల ఊపిరితిత్తుల్లో నాటుకుంటాయి. అప్పుడే నలిపిన కాంక్రీటు కుప్ప మీద వాన పడితే తీవ్రమైన క్షారగుణం గల నీరు పక్క కాలువలోకి దిగుతుంది.

నలిగిన కాంక్రీటుకు ఒక సానుకూల గుణమూ లేకపోలేదు. గట్టిపడిన సిమెంటు గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయి రసాయనంగా మారుతూ ఉంటుంది; దీనిని కార్బనీకరణం అంటారు. 1930 నుంచి 2013 వరకు సున్నపురాయి నుంచి సిమెంటు పరిశ్రమ వదిలిన వాయువులో సుమారు 43 శాతాన్ని ప్రపంచంలోని సిమెంటు పదార్థాలే తిరిగి పీల్చుకున్నాయని 2016లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. స్లాబు నిలిచి ఉన్నంతకాలం ఈ మార్పు పైపొరకే పరిమితం కాగా, ముక్కలైనప్పుడు గాలి తగిలే ఉపరితలం అనేక రెట్లు పెరుగుతుంది. శిథిలాల కంకరను వాడే ముందు కొంతకాలం గాలికి ఆరబెట్టడమో, ఫ్యాక్టరీ పొగను దాని మీదుగా పంపడమో చేస్తే కర్బనం బంధితమవుతుంది, గార రంధ్రాలు మూసుకుని నీటి పీల్పూ తగ్గుతుంది. శిథిలాన్ని గాలికి చోటు లేకుండా గుంతలో పూడ్చడం వల్ల పోయేది ఈ అవకాశమే.

బూడిద చేసిన మేలు, దాని హద్దు

వాతావరణానికి నిజమైన ఊరటనిచ్చేది క్లింకరును తగ్గించే పదార్థాలే. వీటిలో మొదటిది బొగ్గు విద్యుత్కేంద్రాల పొగగొట్టాల దగ్గర పట్టే సన్నని బూడిద, అంటే ఫ్లై యాష్. సిమెంటు నీటితో కలిసినప్పుడు బలానికి పెద్దగా పనికిరాని సున్నం కొంత మిగిలిపోతుంది. బూడిదలోని సిలికా, అల్యూమినా ఆ సున్నంతో నెమ్మదిగా చర్య జరిపి బంధక పదార్థంగా మారతాయి. దీనిని పొజొలానిక్ చర్య అంటారు. ఇటలీలోని పొజ్జువోలి పట్టణపు అగ్నిపర్వత ధూళిని రోమనులు సున్నంలో కలిపి కట్టడం వల్ల ఆ పేరు వచ్చింది. మన గానుగ సున్నంలో కలిపిన సుర్ఖీ, అంటే ఇటుక పొడి, చేసిన పనీ అదే. కాబట్టి వ్యర్థంతో గట్టి కట్టడం కట్టవచ్చన్న ఆలోచనకు పర్యావరణ ఉద్యమం కోసం ఎవరూ ఎదురుచూడలేదు.

భారతీయ బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం వరకు ఉండడంతో రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి వంటి కేంద్రాల పక్కన బూడిద చెరువులు ఎకరాలకు ఎకరాలు ఆక్రమించాయి. 1999లో కేంద్ర ప్రభుత్వం బూడిద వినియోగాన్ని తప్పనిసరి చేసే దిశగా తొలి ఉత్తర్వు తెచ్చింది. 2021-22 నాటికి దేశంలో పుట్టిన సుమారు 27 కోట్ల టన్నుల బూడిదలో 95 శాతానికి పైగా ఏదో ఒక విధంగా వినియోగమైనట్టు అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఆ వినియోగంలో సిమెంటు పరిశ్రమది పెద్ద వాటా. పీపీసీ అనే పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం వరకు బూడిద కలపవచ్చు. ఉక్కు కర్మాగారపు కొలిమి నుంచి వచ్చే స్లాగును నూరి కలిపే పీఎస్‌సీ సిమెంటులో ఆ వాటా 70 శాతం దాకా పోవచ్చు. మన మార్కెట్లో అమ్ముడయ్యే సిమెంటులో అధికభాగం మిశ్రమ సిమెంటే అయినా, స్లాబుకు మాత్రం 53 గ్రేడు ఓపీసీ, అంటే బూడిద కలపని సాధారణ సిమెంటే కావాలన్న పట్టుదల మేస్త్రీల్లోనూ, ఇల్లు కట్టుకునే వారిలోనూ పోలేదు. బూడిద సిమెంటు తొలి వారాల్లో బలం నెమ్మదిగా పుంజుకుంటుందన్నది నిజం, సెంట్రింగు విప్పడానికి ఒకటి రెండు రోజులు ఆగాలి, నీళ్ళు మరికొన్నాళ్ళు తడపాలి. బదులుగా దీర్ఘకాలంలో రంధ్రాలు పూడి, సముద్రతీరపు ఉప్పుగాలిని అది బాగా తట్టుకుంటుంది. విశాఖలోనో, మచిలీపట్నంలోనో చువ్వలు తుప్పు పట్టకుండా అదనంగా పదేళ్ళు నిలిచే భవనం మిగిల్చేంత కర్బనాన్ని ఏ కంకర మార్పిడీ మిగల్చలేదు.

అయితే ఈ మేలుకూ ఒక హద్దు ఉంది, అది పరిశ్రమ ప్రకటనల్లో సాధారణంగా కనిపించదు. బూడిద, స్లాగు ఉప ఉత్పత్తులు. కాంక్రీటుకు గిరాకీ పెరిగిందని ఎవరూ ఎక్కువ బొగ్గు కాల్చరు. ప్రపంచంలో మేలిరకం స్లాగు దాదాపు అంతా ఇప్పటికే సిమెంటులోకి పోతోంది కనుక, ఒక ప్రాజెక్టు తన వాటాను పెంచుకుంటే మరో ప్రాజెక్టుకు అంత తగ్గుతుందే తప్ప భూమి మీద మొత్తం క్లింకరు తగ్గదు. పైగా ఈ పదార్థాలు తరిగిపోయేవి. బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసివేసింది. అక్కడి సిమెంటుకు ఇక కొత్త బూడిద పుట్టదు. భారతదేశం ఆ దశకు చేరడానికి చాలాకాలం పట్టినా, దారి అటే. అందుకే కాల్చిన బంకమట్టిని, కాల్చని సున్నపురాతి పొడిని కలిపి క్లింకరును సగానికి తగ్గించే ఎల్‌సీ3 సిమెంటు మీద స్విట్జర్లాండు పరిశోధకులతో కలిసి ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు ఏళ్ళ తరబడి పనిచేశాయి. 2023లో దానికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. సాధారణ సిమెంటుతో పోలిస్తే కర్బనం నలభై శాతం వరకు తగ్గుతుంది. అది శిథిలాల పునర్వినియోగం కాదు కాబట్టి వేదికల మీద దాని పేరు తక్కువగా వినబడుతుంది.

శిథిలాల నుంచి సిమెంటునే తిరిగి పుట్టించే ప్రయత్నమూ మొదలైంది. తుక్కు ఇనుమును కరిగించే విద్యుత్ కొలిమిలో మలినాలను పట్టుకోవడానికి సున్నం వేస్తారు. ఆ సున్నానికి బదులు పాత కాంక్రీటు నుంచి వేరుచేసిన సిమెంటు పొడిని వేసి, పైకి తేలిన స్లాగును వేగంగా చల్లార్చితే దానికి క్లింకరు గుణం వస్తుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2024లో ‘నేచర్’ పత్రికలో చూపారు. పాత సిమెంటు తన కర్బనాన్ని మొదటిసారి కాల్చినప్పుడే వదిలేసింది కనుక, రెండోసారి రాతి వాటా అర టన్ను ఉండదు. అప్పుడు శిథిలాల్లో విలువైన భాగం రాయి కాదు, ఇన్నాళ్ళూ అడ్డంకిగా కనిపించిన ఆ గారే అవుతుంది. ప్రపంచ సిమెంటు గిరాకీ ముందు విద్యుత్ కొలిముల స్లాగు కొద్దిపాటిదే అన్న వాస్తవం మాత్రం దీనికీ వర్తిస్తుంది.

కూల్చడంలోనే ఉన్న తేడా

రెండో ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ నగరాల్లో సుమారు 40 కోట్ల ఘనపు మీటర్ల శిథిలాలు మిగిలాయి. ఇటుకలను చేతులతో ఏరి, గార గీకి, మళ్ళీ గోడలు కట్టారు. పనికిరాని ముక్కలను నలిపి ఇటుక కంకర కాంక్రీటు చేశారు. దానికి 1951లో ఒక ప్రమాణాన్నీ రాసుకున్నారు. అది పర్యావరణ స్పృహ కాదు, రాయి, ఇంధనం, రవాణా మూడూ కరువైన కాలపు అవసరం. కరువు తీరగానే ఆ కాంక్రీటు అటకెక్కడం, క్వారీ రాయి ధర అందుబాటులో ఉన్నంతకాలం శిథిలానికి విలువ రాదన్న సంగతిని స్పష్టం చేస్తుంది.

తెలుగు నగరాల్లో పాత ఇల్లు కూల్చే కాంట్రాక్టరు తలుపులకు, కిటికీలకు, చువ్వలకు, కొన్ని చోట్ల పాత ఇటుకకు కూడా ధర కట్టి తీసుకుపోతాడు. ధర ఉన్న ప్రతి వస్తువునూ విడదీసే నైపుణ్యం అతనికి ఉంది. ధర లేనిది కాంక్రీటుకు, గారకు మాత్రమే, అందుకే అవి మట్టితో, సీలింగు ముక్కలతో, ప్లాస్టిక్కుతో కలిసిపోతాయి. అలా కలిసిన తరువాత, ఐఎస్ 383 ప్రకారం, వాటికి బెడ్డు కాంక్రీటు తప్ప మరో స్థానం ఉండదు. నిర్మాణ శిథిలాలపై కేంద్రం తెచ్చిన 2016 నాటి నిబంధనలు ప్రభుత్వ పనుల్లో శిథిలాల ఉత్పత్తులను 10 నుంచి 20 శాతం వాడాలని చెప్పాయి. వాటి స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించి, 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాల యజమానుల మీద శిథిలాల బాధ్యతను మోపాయి. నగరాల్లో కూలే ఇళ్ళలో అత్యధికం ఆ పరిమితికి చాలా దిగువన ఉండే రెండంతస్తుల, మూడంతస్తుల కట్టడాలు. వాటిని మూడు రోజుల్లో బ్రేకర్ యంత్రంతో పడగొట్టాలా, మూడు వారాల్లో పొరలు పొరలుగా విప్పాలా అన్నది ఇప్పటికీ ఇంటి యజమానికీ కాంట్రాక్టరుకూ మధ్య జరిగే బేరంలోనే తేలుతోంది, ఆ బేరంలో చెరువు తరఫున గాని, గుట్ట తరఫున గాని కూర్చునే వారెవరూ లేరు.